సొంత కథలకు ప్రజా టెలివిజన్ వేదిక కావాలా?

కాగితంపడవ:
అమెరికాలో, బోస్టన్‌లోని ప్రజా టెలివిజన్ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్, వరల్డ్ చానల్ కలిసి 2017లో ఒక సిరీస్ మొదలుపెట్టాయి. అరగంట కార్యక్రమం. ఒక అంశం ఎంచుకుంటారు. దాని మీద ఇద్దరు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు ప్రేక్షకుల ముందు నిలబడి, తమకు జరిగిన సంగతి చెబుతారు. చేతిలో కాగితం ఉండదు. వలస వచ్చినవారు, ఇక్కడే పుట్టి పెరిగినవారు, పెద్దలు, కుర్రవాళ్లు, అన్ని రకాలవారూ ఉంటారు.

నాకు కథలంటే గిట్టక కాదు. ప్రజల సొమ్ముతో నడిచే చానల్ ఒక సంగతిని ‘ఇది నిజంగా జరిగింది’ అని చూపిస్తున్నప్పుడు ఆ నిజానికి పూచీ ఎవరిది? వార్త అయితే సంపాదకుడు ఆధారం అడుగుతాడు. డాక్యుమెంటరీ అయితే అవతలి పక్షాన్నీ కలుస్తారు. ఇక్కడ ఒక మనిషి వచ్చి తన అన్న గురించో, విడిపోయిన భార్య గురించో చెప్పి, చప్పట్లు అందుకుని దిగిపోతాడు. ఆ అన్న మాట ఎవరికీ అక్కర్లేదు. ఈ పద్ధతిలో అయితే ఇది ప్రజా టెలివిజన్ పని కాదంటాను. ఔననేవారు చెప్పండి.

పాతరేడియో:
ప్రజా టెలివిజన్ పనేమిటో చట్టమే చెబుతోంది కదండీ. 1967లో అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వచ్చిన ప్రజా ప్రసారాల చట్టం లక్ష్యాలు ఒకసారి చూడండి. మిగతా చానళ్లు పట్టించుకోని ప్రేక్షకులకు పనికొచ్చే కార్యక్రమాలు తీయమని ఉంది, కొత్త ప్రయోగాలకు వెనకాడవద్దని ఉంది. ఒక వలస కుటుంబం వాణిజ్య చానల్లో ఎప్పుడు కనబడుతుంది? సరిహద్దు మీద గొడవ జరిగినప్పుడు. అప్పుడు కూడా వాళ్ల గురించి ఇంకెవరో మాట్లాడతారు. ఇక్కడ వాళ్ల మాట వాళ్లే చెప్పుకుంటున్నారు. మీ అన్నగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది ఒప్పుకోండి.

పద్దులపుస్తకం:
నా బెంగ వేరు. ఇలాంటి కార్యక్రమం చవక. ఒక వేదిక, ఒక మైకు, నాలుగు కెమెరాలు. 2017 మార్చిలో వైట్ హౌస్ బడ్జెట్ ప్రతిపాదన ప్రజా ప్రసార సంస్థకు ఇచ్చే సొమ్మును పూర్తిగా ఆపేయమంది. ఆ సొమ్ము అప్పట్లో ఏడాదికి 44.5 కోట్ల డాలర్లు. దేశ జనాభాకు పంచి చూస్తే తలకు డాలరున్నర కూడా వచ్చేది కాదు, అందులోనూ ఎక్కువ భాగం స్థానిక స్టేషన్లకే వెళ్లేది. ఆ కాస్తకే ఎసరు పెడితే స్టేషన్లు చవకైన దానివైపే మొగ్గుతాయి. నెలల తరబడి తిరిగి తీయాల్సిన పరిశోధనాత్మక కథనం పక్కకు పోతుంది.

కాగితంపడవ:
చవకగా తీయడం తప్పేమీ కాదు. చవకైనది నిజం పేరుతో వెళ్లడమే నా అభ్యంతరం. 2012 జనవరిలో ఏం జరిగిందో గుర్తుందా? మైక్ డైసీ అనే రంగస్థల కళాకారుడు చైనాలో ఆపిల్ వస్తువులు తయారయ్యే ఫాక్స్‌కాన్ కర్మాగారం దగ్గరికి వెళ్లి తాను చూసినవంటూ చెప్పిన సంగతులను ‘దిస్ అమెరికన్ లైఫ్’ అనే కార్యక్రమం ప్రజా రేడియోలో వినిపించింది. అప్పటికి ఆ కార్యక్రమం భాగాల్లో అన్నిటికన్నా ఎక్కువమంది డౌన్‌లోడ్ చేసుకున్నది అదే. తర్వాత షాంఘైలో ఉన్న రాబ్ స్మిట్జ్ అనే విలేకరికి అనుమానం వచ్చి, డైసీకి దుభాషిగా పనిచేసిన ఆవిడను వెతికి పట్టుకున్నాడు. విషరసాయనం బారిన పడిన కార్మికులను కలిశానని డైసీ చెప్పాడు. ఆయన అలాంటివారిని కలవనే లేదని ఆవిడ చెప్పింది. ఆ కార్మికులు ఉన్న మాట నిజమే, కానీ వేరే ఊళ్లో, సుజౌలో. మార్చిలో కార్యక్రమం వాళ్లు మొత్తం కథను ఉపసంహరించుకుని, దాని గురించే ఒక పూర్తి భాగం ప్రసారం చేశారు. ప్రసారానికి ముందు వాళ్లు ఆవిడ నంబరు అడిగితే, అది పనిచేయడం లేదని డైసీ తప్పించుకున్నాడు. వాళ్లు అక్కడితో ఆగిపోయారు.

మైకుముందు:
ఇలాంటి వేదికల మీద నేనూ కథలు చెబుతుంటాను కాబట్టి కాస్త లోపలి సంగతి చెబుతాను. డైసీ చెప్పింది ఒక కర్మాగారం గురించి. దాన్ని విలేకరి వెళ్లి చూడగలడు. నేను చెప్పేది నా జ్ఞాపకం గురించి. 1997లో న్యూయార్క్‌లో ‘ది మాత్’ మొదలైనప్పటి నుంచి ఈ తరహా వేదికలన్నిటికీ దాదాపు ఒకటే నియమం: నిజంగా జరిగింది కావాలి, నీకే జరిగింది కావాలి, కాగితం చూడకూడదు.

కథ తయారయ్యే తీరు బయటివారికి తెలియదు. మా అక్కకూ నాకూ మాటలు ఆగిపోవడం ఒక్కరోజులో జరగలేదు. ఏళ్లు పట్టింది, ఎన్నో గొడవలు. వేదిక మీద మాత్రం ఒక్కటే గొడవ. రాత్రిపూట వంటగది, సగం కడిగిన గిన్నెలు, సింకులో ఆగకుండా కారుతున్న నీళ్ల చప్పుడు. ఆ చప్పుడు నిజమే, కానీ అది వేరే గొడవ నాటిది. అక్క అన్న మాట నిజమే, కానీ అది ఫోనులో అన్నది. అన్నీ ఒక రాత్రిలోకి తెచ్చాను. లేకపోతే ఏ శ్రోతా వినలేడు. దీన్ని అబద్ధమంటే ఆత్మకథలన్నీ మూసి పెట్టాల్సిందే.

కాగితంపడవ:
అక్కగారు విన్నారా ఆ కథ?

మైకుముందు:
లేదు.

కత్తెరబల్ల:
వేదిక మీద జరిగే మార్పు ఒకటైతే, మా బల్ల దగ్గర జరిగేది మరొకటి. సభల్లో తీసిన వీడియోలు కత్తిరించడం నా వృత్తి. పది నిమిషాల కథను ఏడుకు కుదించాలంటే మధ్యలో వాక్యాలు తీసేయాలి. తీసిన చోట బొమ్మ ఎగిరినట్టు కనబడుతుంది. దాన్ని కప్పడానికి ప్రేక్షకుల షాట్ ఒకటి వేస్తాం. కళ్లు తుడుచుకుంటున్న ఆవిడ ఆ వాక్యానికే కన్నీరు పెట్టుకుందని మీరు అనుకుంటారు. ఆవిడ అంతకుముందు చెప్పినవారి కథకు కళ్లు తుడుచుకుని ఉండవచ్చు. ఒక్కోసారి ఏడుపు కూడా కాదు, దీపాల వేడికి చెమట. ఈ సిరీస్ వాళ్లు ఇలా చేస్తున్నారనడం లేదు, ఆ అవకాశం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుందంటున్నాను.

ఇది కొత్త తగాదా కూడా కాదు. 1973లో ప్రజా టెలివిజన్ ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ ప్రసారం చేసింది. శాంటా బార్బరాలోని లౌడ్ కుటుంబం ఇంట్లో 1971లో నెలల తరబడి కెమెరా తిరిగింది. దాదాపు 300 గంటల ఫుటేజీ 12 భాగాలైంది. పాట్ లౌడ్ భర్తను విడాకులు అడగడం కూడా అందులోనే చూశారు జనం. ప్రసారమయ్యాక ఆ కుటుంబమే టెలివిజన్ చర్చల్లోకి వచ్చి, ఎడిటింగ్‌లో తమ సంతోషాలు పోయి చీకటి మాత్రమే మిగిలిందని వాపోయింది. వాళ్లు కెమెరాను ఇష్టపడి ఇంట్లోకి రానిచ్చినవారు! ఇక వేదిక మీద ప్రస్తావనకు వచ్చే అక్క, అన్న, మాజీ భార్య అయితే ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు.

పాతరేడియో:
అందుకేనేమో నాకు స్టోరీకార్ప్స్ పద్ధతి నచ్చుతుంది. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న గదితో మొదలైంది. ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు కలిసి వచ్చి, 40 నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్లు ఒప్పుకుంటే ఆ రికార్డు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని జానపద విభాగానికి చేరుతుంది. అవతలి మనిషి అక్కడే ఉన్నాక గొంతు దానంతట అదే మారుతుంది. ‘అలా కాదు నాన్నా’ అనే మాట కథలోకే వస్తుంది. టెలివిజన్ అలాంటివి తీస్తే కాగితంపడవ గారికీ తృప్తి, నాకూ తృప్తి.

మైకుముందు:
మీ ఇద్దరికీ తృప్తి, బాగానే ఉంది. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న పిల్ల పెద్దదై ఆ సంగతి చెప్పుకోవాలంటే? తండ్రిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్లాలా? వచ్చే తండ్రి అయితే చెప్పుకునే అవసరమే ఉండేది కాదు. ఇద్దరూ కలిసి కూర్చోగలిగిన కథలు ఎప్పుడో సగం సర్దుకున్న కథలు. సర్దుకోనివాటికి ఒంటరి మైకే దిక్కు. ఎన్నో ఇళ్లలో ఒకరి నోరు మూయించి మిగతావారు తమ కథను చెలామణి చేసుకున్నారు. ఇన్నాళ్లకు ఆ ఒకరు నోరు తెరిస్తే, ‘వాళ్ల వాదన కూడా విన్నారా?’ అని మీరు నిలదీస్తున్నారు. ఈ నిష్పాక్షికత ఇంతకాలం ఎక్కడుంది?

లౌడ్ కుటుంబం సంగతి కూడా పూర్తిగా చెప్పండి. పెద్దకొడుకు లాన్స్ తాను స్వలింగ ప్రియుడినన్న సంగతి దాచకుండా టెలివిజన్‌లో కనబడ్డాడు. నాటి రోజుల్లో అది చిన్న విషయం కాదు. 2001లో చనిపోయే ముందు, తన చివరి రోజులను చిత్రించమని పిలిచింది కూడా ఆయనే.

కాగితంపడవ:
దెబ్బలు తిన్న పిల్ల విషయంలో మీతో వాదించను. ఆమె ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. అనుమతి వేరు, విచారణ వేరు. కథ చెప్పే మనిషి అనుమతి అడగకపోయినా, చానల్ తన వంతు ఫోను చేయవచ్చు. ‘మీ గురించి ఇలా చెబుతున్నారు, మీరేమంటారు?’ అని ఒక్క ప్రశ్న. తండ్రిలాంటివాడి విషయంలో, ఆమెకు అపాయం ఉంటే, ఆసుపత్రి కాగితమో చుట్టుపక్కలవారి మాటో చూడాలి. పత్రికల్లో రోజూ చేసే పనే ఇది. సంఘటనలను కలిపి చెప్పినప్పుడు తెరమీద ఒక వాక్యం వేస్తే కొంపలేమీ మునగవు.

పద్దులపుస్తకం:
ఆ ఫోన్లు చేసే మనిషికి జీతమివ్వాలి. చవక అని నేనన్నది ఆ జీతం లెక్కలో లేనప్పటి మాట. జీతం కలిపాక లెక్క వేయండి, ఇది చవక కార్యక్రమం కాదు.

కత్తెరబల్ల:
జీతం ఇవ్వలేకపోతే కనీసం కత్తిరించిన భాగాన్ని కథ చెప్పినవారికి ప్రసారానికి ముందు చూపించాలి. అది ఉచితమే.

మైకుముందు:
చూపించడం అవసరం, అందులో రెండో మాట లేదు. ఫోను సంగతే తేలలేదు. చానల్ వాళ్లు మా అక్కకు ఫోను చేశారనుకోండి, ఆవిడ ‘అసలు అలాంటిదేమీ జరగలేదు’ అంటుంది. తప్పకుండా అంటుంది. అప్పుడు నా కథ ఆపేస్తారా?

కాగితంపడవ:
ఆపను. మీ కథ మొత్తం వేస్తాను. అది అయ్యాక ఆవిడ అన్న మాట కూడా వేస్తాను.

మైకుముందు:
అయితే నేను ఆ వేదిక ఎక్కను. నాలాంటివారు చాలామంది ఎక్కరు. మీకు కుక్కపిల్ల తప్పిపోయి దొరికిన కథలు మిగులుతాయి, వాటికి ఫోను కూడా అక్కర్లేదు.