ఉత్త చేతులతో ఫోన్ వంచడం నిజమా, వీడియోల మాయా?

పాలమూరు పోరడు:
2014 సెప్టెంబర్‌లో ఐఫోన్ 6 ప్లస్ వచ్చిన కొద్ది రోజులకే ఒకాయన దాన్ని బొటనవేళ్లతో నొక్కి వంచిన వీడియో ఇప్పుడు మళ్లీ తిరుగుతోంది. నేనైతే నమ్మను. అప్పుడే వస్తువులను పరీక్షించి చెప్పే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు మిషన్ కింద పెట్టి నొక్కితే అది వంగడానికి 90 పౌండ్లు, అంటే దాదాపు 41 కిలోలు పట్టింది. యూరియా బస్తానే 45 కిలోలు! అంత బరువు వేళ్లతో ఎవడు వేస్తాడు?

నల్గొండ సెల్ రిపేర్:
తమ్మీ, సగం లెక్కే చెప్పినవ్. ఆ 41 కిలోలు మొత్తం కలిపి. రెండు చేతులతో పట్టుకుంటే ఒక్కో చేతికి పడేది ఇరవై చిల్లర, గట్టి మనిషికి అది కష్టమే కానీ అసాధ్యం కాదు. పైగా మిషన్ నొక్కేది నట్టనడుమ. వీడియోలో ఫోన్ వంగింది వాల్యూమ్ బటన్ల దగ్గర, అక్కడ ఫ్రేముకు రంధ్రాలు ఉంటాయి కాబట్టి సత్తువ తక్కువ. నా దగ్గరకు వచ్చే వంకర ఫోన్లు కూడా ఎక్కువగా అక్కడే వంగి ఉంటాయి, అడిగితే అందరిదీ ఒకటే మాట, "ఏం చెయ్యలేదన్నా, జేబులోనే ఉండె".

పాలమూరు పోరడు:
మరి మొదటి ఆరు రోజుల్లో తొమ్మిది మందే ఫిర్యాదు చేశారని ఆపిల్ చెప్పింది కదా అన్నా?

సూర్యాపేట ఇంజినీర్:
అది కంపెనీ మాట. 2018లో కోర్టు ద్వారా బయటపడ్డ వాళ్ల సొంత పరీక్షల్లోనే 6 ప్లస్, దాని ముందు మోడల్ 5ఎస్ కంటే 7.2 రెట్లు ఎక్కువగా వంగే అవకాశం ఉందని తేలింది. 2015లో తర్వాతి మోడల్ 6ఎస్‌కి ఇంకా గట్టిదైన 7000 సిరీస్ అల్యూమినియం ఊరికే పెట్టలేదు.

అసలు గొడవంతా మందంతో. ఒకే లోహం, ఒకే వెడల్పు ఉన్న పట్టీ మందం పది శాతం తగ్గిస్తే దాని బిగువు దాదాపు 27 శాతం పడిపోతుంది, ఎందుకంటే అది మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 6 ప్లస్ మందం 7.1 మిల్లీమీటర్లే, పైగా పొడుగు ఎక్కువ, అంటే చేతికి పట్టు ఎక్కువ దొరుకుతుంది. అదే మిషన్ కింద చిన్నదైన మామూలు 6 ఇంకా ముందే, 70 పౌండ్లకే వంగింది. మరి జనం మొత్తుకున్నది ప్లస్ గురించే ఎందుకంటావ్?

పాలమూరు పోరడు:
సరే, బటన్ల దగ్గర వంగుతుందనుకుందాం. కానీ గెలాక్సీ నోట్ 3 అదే పరీక్షలో 150 పౌండ్ల దాకా ఆగింది, దాన్ని చేత్తో వంచి చూపించమనండి.

నల్గొండ సెల్ రిపేర్:
దాన్ని ఎవరు వంచుతరు తమ్మీ, చేతులు నొస్తయ్. నువ్వు ముందు వెనక జేబులో ఫోన్ పెట్టుకొని బండి ఎక్కుడు మానెయ్.