ఏబీఎస్ దీపం ఆరడం లేదు: యూనిట్ మార్చక తప్పదా?

ప్రశ్న (అమలాపురం)

మాది 2019 చివర్లో కొన్న పెట్రోలు కారు. గత వారం ముక్తేశ్వరం నుంచి వస్తూ, రోడ్డు మీద దాదాపు అర కిలోమీటరు పొడవునా పరచిన వరిగడ్డి మీదుగా నడపవలసి వచ్చింది. మర్నాటి నుంచి ఏబీఎస్ దీపం వెలుగుతోంది. తాళం తిప్పగానే వెలిగి రెండు మూడు సెకన్లలో ఎప్పటిలాగే ఆరిపోతోంది గానీ, మొదటి మలుపు తిరిగేసరికి మళ్లీ వెలిగి, ఇంజను ఆపేదాకా అలాగే ఉంటోంది. బ్రేకు మామూలుగానే పడుతోంది. ఇక్కడొక మెకానిక్ బండి కిందికి తొంగి చూడకుండానే ఏబీఎస్‌ను నడిపే యూనిట్ పోయిందనీ, 38,000 రూపాయలవుతుందనీ తేల్చేశారు. ఎల్లుండి రాజమహేంద్రవరం వెళ్లి రావాలి. బండి తీయవచ్చునా?

సమాధానం (భీమవరం, వర్క్‌షాపు)

పసుపు రంగు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది; గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాచే ఏర్పాటు, అంటే ఏబీఎస్, మాత్రమే ఉండదు. కాబట్టి నెమ్మదిగా, ముందు బండికి దూరం పాటిస్తూ వెళ్లవచ్చు. వానకు తడిసిన రోడ్డయితే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. హ్యాండ్ బ్రేకు దింపిన తరువాత కూడా ఎర్ర బ్రేకు దీపం తోడుగా వెలిగితే మాత్రం బండి కదపకుండా ముందు బ్రేకు ఆయిల్ మట్టం చూడండి.

మీరు చెప్పిన మలుపు సంగతే అసలైన ఆనవాలు. ముందు చక్రాల వేగాన్ని ఏబీఎస్‌కు తెలిపే సెన్సర్ వైరు స్టీరింగుతో పాటు వంగుతుంది. పైతొడుగు బాగానే కనిపిస్తున్నా లోపలి తీగ తెగితే, చక్రం నేరుగా ఉన్నప్పుడు అంటుకొని, తిప్పగానే విడిపోతుంది. ముందుగా ఏబీఎస్ కోడ్ (లోపం ఎక్కడో తెలిపే గుర్తు) చదవగల స్కానర్ పెట్టించండి. చౌకరకం స్కానర్లు చాలావరకు ఇంజను కోడ్‌లే చూపి ఊరుకుంటాయి. కోడ్ ఏ చక్రమో చెబుతుంది తప్ప, లోపం సెన్సర్‌దో వైరుదో చెప్పదు. అది కంటితో చూడవలసిందే.

సమాధానం (రాజోలు)

పై మాటకు ఒకటి చేర్చాలి. ఈ మధ్య చక్రం బేరింగు మార్పించారా? చాలా కార్లలో సెన్సర్ చదివే అయస్కాంతపు పట్టీ బేరింగుకు ఒకవైపే ఉంటుంది, దాన్ని తిరగేసి దిగ్గొడితే బేరింగు కొత్తదైనా దీపం ఆరదు. మా బండికి సరిగ్గా ఇదే జరిగి, ఏ పాపమూ ఎరుగని సెన్సర్లు రెండు మార్పించాను.

ప్రశ్న అడిగినవారు

బేరింగు జోలికి పోలేదండి. నిన్న వేరే షాపులో స్కానర్ పెడితే ముందు ఎడమ చక్రం అని వచ్చింది. చక్రం విప్పి చూస్తే, యాక్సిల్ చుట్టూ వరిగడ్డి మోకులా పేనుకొని, సెన్సర్ వైరును క్లిప్పులోంచి ఊడలాగి తనతో బిగించుకొని ఉంది. కత్తితో కోసి తీస్తే దోసెడు గడ్డి వచ్చింది. తొడుగు చెక్కుచెదరలేదు గానీ, ఒకచోట వేళ్లతో వంచితే లోపల తీగ లేనట్టు మెత్తగా మడత పడింది. అతుకు వేయనా అని అడిగారు. వంగే చోట అతుకు నిలవదనిపించి, వైరుతో కలిపి కొత్త సెన్సరే వేయించి, కోడ్ చెరిపించాను. మొత్తం 2,600 అయింది. రావులపాలెం దాకా వెళ్లి వచ్చాను, దీపం మళ్లీ వెలగలేదు.

సమాధానం (భీమవరం, వర్క్‌షాపు)

సైలెన్సర్ గొట్టం పైన కూడా గడ్డి ఇరుక్కుందేమో చూసి తీసేయండి. అక్కడ వేడికి అంటుకుంటుంది.