చిన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పీజీ: చదివినవాళ్లు కాస్త చెప్పండి

వనపర్తి పోరడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. సీపీగెట్ (తెలంగాణలో పీజీ ఎంట్రన్స్) కెమిస్ట్రీలో ర్యాంకు వచ్చింది గానీ ఓయూ క్యాంపస్‌లో రెగ్యులర్ సీటు దొరికేంత ర్యాంకు కాదు. ఇక మిగిలినవి రెండు. హైదరాబాద్‌లో ఓయూ కింద ఉన్న ఏదో ఒక ప్రైవేటు కాలేజీ, లేదంటే మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ క్యాంపస్. మెమో మీద ఓయూ అని ఉంటేనే ఎవడైనా పట్టించుకుంటాడని మా బావ, ఇంటికి దగ్గరుంటే ఖర్చు కలిసొస్తుందని నాన్న. పాలమూరు, శాతవాహన, తెలంగాణ, మహాత్మాగాంధీ వర్సిటీల్లో చదివినవాళ్లుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆప్షన్లు పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

బ్యూరెట్ బాబు:
తమ్మీ, నేను చేసింది అలాంటి చిన్న క్యాంపస్‌లోనే, ఎమ్మెస్సీ ఆర్గానిక్. ఏ వర్సిటీ అని మాత్రం అడగకు, తిట్లు కూడా ఉన్నాయి మరి. ల్యాబ్ విషయంలో నాకు నష్టం జరగలేదు. బ్యాచ్ చిన్నది కాబట్టి, శాంపిల్‌లో ఏముందో చెప్పే ఐఆర్ మెషీన్ దగ్గర మమ్మల్ని దూరంగా నిలబెట్టి చూపించడం కాదు, కేబీఆర్‌ను (పొటాషియం బ్రోమైడ్ ఉప్పు) ఎండబెట్టి, శాంపిల్‌తో నూరి, పెల్లెట్ అంటే బిళ్లగా నొక్కేది మేమే, అది మసకగా వస్తే మళ్లీ మొదటినుంచి చేయించేవారు సార్. ఇంటర్వ్యూలో మెషీన్ గురించి అడిగినప్పుడు నోరు తెరవగలిగానంటే దానివల్లే. అలాంటిదే ఇంకో పెద్ద మెషీన్, ఎన్ఎంఆర్ మాత్రం లేదు, శాంపిల్ హైదరాబాద్ పంపి రిపోర్టు కోసం కాచుక్కూర్చోవడమే. ఇక తిట్లు: రెగ్యులర్ ప్రొఫెసర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, మిగతాదంతా కాంట్రాక్టు, పార్ట్ టైం వాళ్ల మీదే నడిచేది. వాళ్లు బాగా చెప్పరని కాదు, మాకు స్పెక్ట్రోస్కోపీ చెప్పిన కాంట్రాక్టు మేడమ్‌ను మించినవాళ్లను నేను చూడలేదు, కానీ జీతాల కోసం వాళ్లు సమ్మెకు దిగితే సెమిస్టర్ మధ్యలో క్లాసులు ఆగిపోయాయి, తర్వాత సిలబస్‌ను పరుగులు పెట్టించారు.

ఓయూ పిచ్చోడు:
నేను క్యాంపస్‌లో చదివినోణ్ని, కాబట్టి పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా. ఓయూ అంటే ఆ గేటు లోపల ఉన్నదే. లైబ్రరీ, సీనియర్లు, సెమినార్లు, రాత్రంతా చదివే గుంపులు, అదంతా లోపలే. అఫిలియేటెడ్ కాలేజీలో చేరితే మెమో మీద పేరొస్తుంది, ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగొచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోకు. కొన్ని మంచి కాలేజీలు లేకపోలేదు. మీ బావను ఆ కాలేజీ ల్యాబ్ చూసి రమ్మను ముందు.

ఎచ్చెర్ల అక్క:
మాది ఆంధ్రా వైపు, మాకు మీ సీపీగెట్ లాగే పీజీసెట్. 2006లో యోగి వేమన, నన్నయ, 2008లో కృష్ణా, విక్రమ సింహపురి, రాయలసీమ, మా శ్రీకాకుళం అంబేద్కర్ వర్సిటీ వచ్చాయి. కొత్తవి అనుకుంటారు గానీ వీటిలో కొన్ని అంతకు ముందే పాత వర్సిటీల పీజీ సెంటర్లుగా నడిచినవే. కడపది (యోగి వేమన) తిరుపతి ఎస్వీయూది, కర్నూలుది (రాయలసీమ) అనంతపురం ఎస్కేయూది, మా ఎచ్చెర్లది (శ్రీకాకుళం అంబేద్కర్) విశాఖ ఏయూది. నేనైతే పేరుకన్నా ఆ ఊరి చుట్టూ ఏముందో చూడమంటాను. నెల్లూరులో మెరైన్ బయాలజీ ఉంది, చుట్టూ రొయ్యల చెరువులు, హేచరీలు, ప్రాజెక్టుకు ఎక్కడికో పోనక్కర్లేదు. భాషాశాస్త్రమో జానపదమో చదవాలంటే కుప్పం ద్రావిడ వర్సిటీని చిన్నదని తీసిపారేయడం కుదరదు, 1997లో దాన్ని పెట్టిందే అందుకు. మాకు కెమిస్ట్రీ వాళ్లకు పైడిభీమవరం ఫార్మా కంపెనీలున్నట్టే మీకు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది కదా! మహబూబ్‌నగర్ నుంచి ఎంత దూరం? మీ సీనియర్లలో ఎంతమంది అక్కడ క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) ఉన్నారో కనుక్కో, మెమో గొడవ సగం తేలిపోతుంది.

గ్రూప్స్ గ్రహచారం:
కంపెనీ వద్దు, సర్కారీ కొలువే కావాలనుకుంటే ఈ గొడవే లేదు. నెట్‌కు (లెక్చరర్ అర్హత పరీక్ష) పీజీలో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ నాన్ క్రీమీలేయర్ వాళ్లకు 50. ఏ వర్సిటీ అని అడగరు. అందులోనే జేఆర్ఎఫ్ (రిసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకు 37,000, ఆ డబ్బు పాలమూరు వాడికైనా ఓయూ వాడికైనా ఒకటే. మా హాస్టల్లో సగం మంది పీజీ పేరు చెప్పి గ్రూప్స్ చదివేవాళ్లే (నేను కూడా), డివైడింగ్ మెస్ బిల్లు (నెల ఖర్చును అందరం పంచుకునేది) కట్టుకుని రీడింగ్ రూములో పడి ఉండేవాళ్లం. హైదరాబాద్‌లో రూమ్ అద్దె, కోచింగ్ ఫీజు కలిపితే మా నాన్న ఎద్దులు అమ్మాల్సి వచ్చేది. ఒక్కటి మాత్రం నిజం, చుట్టూ పోటీ తక్కువుంటే మనం చదువుతున్నామనే భ్రమలో ఉంటాం. సెలవుల్లో హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి టెస్ట్ సిరీస్ రాస్తే ఆ మత్తు దిగేది.

నల్లగొండ నాన్న:
నేను చదివింది ఇంటర్. మా అమ్మాయిని చేర్పించే ముందు పని మానుకుని రెండు చోట్లా తిరిగాను. ఆఫీసులో ఏమీ అడగలేదు, నేరుగా ఆడపిల్లల హాస్టల్ దగ్గరికి పోయి బయట నిలబడ్డ పిల్లల్ని అడిగాను. ఒకచోట నీళ్లు రోజు విడిచి రోజు, గదికి ఆరుగురు, సాయంత్రం ల్యాబ్ అయ్యేసరికి ఊళ్లోకి బస్సు లేదు. ఇవి ప్రాస్పెక్టస్‌లో ఉండవు సార్. ఇంకో మాట, ఒకే క్యాంపస్‌లో రెగ్యులర్ సీటు వేరు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేరు, ఫీజు తేడా బాగా ఉంటుంది, ఆప్షన్ పెట్టేటప్పుడు కోర్సు పేరు పక్కన ఏముందో చూసుకో బాబూ. ఈపాస్ డబ్బు (సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్) ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, మా బంధువుల అబ్బాయికి ప్రైవేటు కాలేజీలో రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ, మెమోలు ఆపేశారు, ఉద్యోగం చేతిదాకా వచ్చి ఆగింది.

వనపర్తి పోరడు:
అందరికీ థాంక్స్. సోమవారం నాన్నతో కలిసి మహబూబ్‌నగర్ వెళ్తున్నా, హాస్టల్, ల్యాబ్ రెండూ చూస్తా. ఒక డౌటు. మొదటి ఫేజ్‌లో పాలమూరు సీటు వస్తే, ఓయూ క్యాంపస్ కోసం రెండో ఫేజ్‌లో మళ్లీ ఆప్షన్లు పెట్టొచ్చా?

బ్యూరెట్ బాబు:
పెట్టొచ్చు, కానీ రెండో ఫేజ్‌లో ఏది అలాట్ అయితే అదే, మొదటిది దానంతటదే పోతుంది. అందుకే పాలమూరు కన్నా నీకు నిజంగా మేలనిపించిన వాటినే పెట్టు. ఊరికే ఉంటుందిలే అని ప్రైవేటు కాలేజీ ఒక్కటి పెట్టావనుకో, అదే నెత్తిన పడుతుంది.