గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో 1970ల్లో నర్సింగ్ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయిన నెల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు ఆమె జీవితం మీద చిన్న పుస్తకం వేద్దామని కూర్చుంటే, పెళ్ళికి ముందు రోజుల గురించి మా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదని తెలిసింది.

అమ్మ నర్సింగ్ నేర్చుకున్నది కుగ్లర్ ఆసుపత్రిలోనే, 1974 నుంచి 77 వరకు. అన్నా కుగ్లర్ దొరసాని 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళ కోసం ఆ ఆసుపత్రి తెరిచిన కథ చిన్నప్పుడు మాకు ఎన్నిసార్లు చెప్పిందో. తర్వాత ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులోనే చేసింది, నైట్ డ్యూటీ దిగి వచ్చి మా ముగ్గురికీ క్యారేజీలు కట్టి, ఆదివారమైతే నిద్ర కూడా పోకుండా లూథరన్ గుడిలో సండే స్కూలు పిల్లల దగ్గరికి వెళ్ళేది. గుడి తర్వాత ముసలివాళ్ళకు బీపీ చూసేది, ఎవరింట్లో బాలింత ఉన్నా పిలవకుండానే వెళ్ళేది. ఆ ఓపిక ఎక్కడిదో నాకిప్పటికీ అర్థం కాదు.

మీ అమ్మో, పిన్నో, అత్తో ఆ బ్యాచ్‌లో ఉంటే దయచేసి అడగండి. దీపాలు పట్టుకుని ప్రమాణం చేసిన రోజు గ్రూప్ ఫోటో, హాస్టల్ కబుర్లు, ఏదైనా సరే. పాత విద్యార్థినుల రిజిస్టర్లు చూడాలంటే ఆసుపత్రిలో అడగాలా, నర్సింగ్ కౌన్సిల్‌కి రాయాలా? ఈ పని చేసినవాళ్ళుంటే చెప్పండి, కూడికకు మూడు వారాలే ఉంది.