ట్యాలీ, ఎక్సెల్, వాట్సాప్ ఆర్డర్లు: అన్నీ ఒకే క్లౌడ్‌లోకి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఆటోనగర్ కౌంటర్):
విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ కొట్టు, పక్క వీధిలో గోడౌన్, గుంటూరులో బ్రాంచి. మూడూ ఒకే జీఎస్టీ నంబరు మీద ఉన్నాయి. టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) తప్పదు. కౌంటర్ బిల్లులు పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో, ఖాతాలు ట్యాలీలో, గోడౌన్ స్టాకు ఎక్సెల్‌లో, గుంటూరు ఆర్డర్లు వాట్సాప్‌లో. రోజూ సాయంత్రం కౌంటర్ అమ్మకాలు ట్యాలీలో మళ్ళీ కొట్టాల్సి వస్తోంది. సుమారు 9,000 ఐటెమ్‌లు, 400 పార్టీలు. ట్యాలీనే క్లౌడ్‌లో పెట్టిస్తే సరిపోతుందా? ఏ తేదీన మారాలి? పాత బిల్లులన్నీ ఎక్కించాలా?

జవాబు (స్టాకు లెక్క):
ట్యాలీని క్లౌడ్‌లో పెట్టిస్తే మీ కంప్యూటర్ ఇంకో ఊళ్ళో ఉన్నట్టే, అంతకుమించి ఏమీ మారదు. ఎక్కణ్ణుంచైనా తెరవొచ్చు కానీ, కౌంటర్‌లో కొట్టిన బిల్లుకి గోడౌన్ స్టాకు తనంతట తాను తగ్గదు. మీకు కావాల్సింది బిల్లు, స్టాకు, ఖాతా ఒకే డేటాబేస్‌లో ఉండేది.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది తర్వాత చూద్దురుగాని, ముందు ఐటెమ్ మాస్టర్ (వస్తువులన్నిటి అసలు జాబితా) పట్టుకోండి. సగం పని అదే. పార్ట్ నంబర్లని ఎక్సెల్ ఎలా పాడుచేస్తుందో చూడండి: 00451 అని కొడితే ముందు సున్నాలు పోయి 451 మిగులుతుంది. 12ఈ5 లాంటి నంబరు ఇంగ్లీషులో కొడితే దాన్ని పన్నెండు లక్షలు అనుకుంటుంది. అందుకే కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాలి. ఒకసారి సేవ్ అయ్యాక ఫార్మాట్ మార్చినా పోయిన సున్నా తిరిగి రాదు.

తర్వాత డూప్లికేట్లు. "బ్రేక్ షూ సెట్", "బ్రేక్‌షూ సెట్టు", "షూ సెట్ వెనక" మూడూ ఒకే వస్తువు కావచ్చు. పేరుతో వెతికితే దొరకవు. కంపెనీ, పార్ట్ నంబరు కలిపి, గీతలూ ఖాళీలూ తీసేసి సార్ట్ చేస్తే బయటపడతాయి. కంపెనీ నంబరు మార్చిన పార్ట్‌కి పాతది చెరిపేయొద్దు, కొత్తదానికి లింక్ చేయండి. మెకానిక్ పాత నంబరే అడుగుతాడు. యూనిట్లు కూడా: ఆయిల్ 210 లీటర్ల బ్యారెల్‌గా కొని లీటర్లలో అమ్ముతుంటే ఆ మార్పిడి మాస్టర్‌లోనే ఉండాలి. లేకపోతే మొదటి వారంలోనే స్టాకు మైనస్‌లోకి పోతుంది.

జవాబు (ఖాతాల గది):
పాత బిల్లులన్నీ ఎక్కించొద్దు. అవసరం కేవలం ఓపెనింగ్ బ్యాలెన్సులు (మారే రోజుకి మిగిలి ఉన్న బాకీలు, నిల్వలు), అదీ పార్టీకి ఒక్క మొత్తం కాదు, బిల్లువారీగా. ఒక పార్టీ 2,40,000 బాకీ అంటే అది ఏయే బిల్లులో, ఏ తేదీలో వెయ్యకపోతే ఎన్ని రోజుల బాకీ అన్నది రేపటినుంచే పోతుంది. వసూళ్ళకి వెళ్ళే కుర్రాడి చేతిలో ఉండాల్సింది ఆ లెక్కే. పాత డేటా మాత్రం చూసుకునేలా దాచండి. జీఎస్టీ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు పుస్తకాలు ఉండాలి.

తేదీ ఏప్రిల్ 1 అయితే బ్యాలెన్స్ షీట్ లెడ్జర్లు (ఆస్తులు, అప్పులు, బాకీల ఖాతాలు) తెస్తే చాలు. మధ్యలో మారితే అప్పటిదాకా అయిన అమ్మకాలు, ఖర్చుల లెడ్జర్లూ తేవాలి. అప్పుడు బిల్లు నంబరు సిరీస్‌కి ముందక్షరాలు తప్పక మార్చండి. ఐఆర్ఎన్ (ఈ-ఇన్వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబరు) మీ జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, నంబరు కలిపి తయారవుతుంది. మళ్ళీ 1 నుంచి మొదలెడితే పోర్టల్ డూప్లికేట్ అని తిప్పికొడుతుంది. బిల్లు నంబరు మొత్తం 16 అక్షరాలు దాటకూడదు.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22న 28 శాతం జీఎస్టీలో ఉన్న ఆటో పార్ట్స్ 18కి వచ్చాయి కదా. అంతకుముందు అమ్మింది వాపసు వస్తే క్రెడిట్ నోట్ (ఆ మొత్తం తగ్గిస్తూ ఇచ్చే పత్రం) 28తోనే వేయాలి. ఐటెమ్‌కి ఒకే పన్ను రేటు ఉంచే సాఫ్ట్‌వేర్ అయితే ఇక్కడే దొరికిపోతారు. రేటు తేదీవారీగా ఉంచగలదా అని డెమోలోనే చేయించి చూడండి.

కొత్తది, పాతది ఒక నెల పక్కపక్కన నడిపించడం మంచిది.

జవాబు (కేబుల్, రూటర్):
నెల అంటే కౌంటర్ కుర్రాళ్ళు రెండో వారానికే ఒకటి మానేస్తారండీ. పైగా ఒక బిల్లుకి ఐఆర్ఎన్ ఒక్కచోటి నుంచే తీయాలి. మారకముందు ఒక వారం పాత బిల్లులు కొన్ని కొత్తదాని టెస్ట్ కాపీలో కొట్టి పన్ను, స్టాకు పోల్చండి. నేను దాని వైపే.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ (సూదులతో కొట్టి అచ్చువేసే పాత రకం) సంగతి మరవకండి. బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇస్తే చాలావరకు పేజీని బొమ్మలా పంపుతుంది, హెడ్ అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో బిల్లుకి నిమిషాలు పడుతుంది. టెక్స్ట్‌గా పంపే చిన్న ప్రింట్ ప్రోగ్రామ్ ఇస్తారో లేదో ముందే అడగండి. లేదంటే లేజర్‌కి మారిపోండి. నెట్ రెండు వేర్వేరు కంపెనీలది పెట్టండి, రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తే లాభం లేదు. రూటర్‌కీ, ఫైబర్ డబ్బాకీ యూపీఎస్ ఉండాలి.

ప్రశ్న (ఆటోనగర్ కౌంటర్):
9,000 ఐటెమ్‌లు ఒక్కరోజులో లెక్కపెట్టడం అయ్యేపని కాదు కదండీ?

జవాబు (స్టాకు లెక్క):
కాదు. నెమ్మదిగా కదిలే ర్యాకులు ముందు వారంలో లెక్కపెట్టి టేపు అంటించండి. టేపు తెగిన ర్యాకు మాత్రం మళ్ళీ లెక్క. రోజూ పోయే ఫిల్టర్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు మారే ముందురోజు రాత్రి, కొట్టు మూశాక లెక్కపెట్టేందుకు వదిలేయండి. లెక్కపెట్టే మనిషికి సిస్టమ్‌లో ఎంతుందో చూపించొద్దు, చూస్తే ఆ అంకే రాసేస్తాడు. మారే రోజూ, దాని ముందురోజూ గుంటూరుకి సరుకు పంపకండి. దారిలో ఉన్న పెట్టె రెండుచోట్లా లెక్కకి వస్తుంది, లేకపోతే ఎక్కడా రాదు. తర్వాత నుంచి బ్రాంచికి పంపేది డెలివరీ చలాన్ (అమ్మకం బిల్లు కాదు, సరుకు పంపిన చీటీ) మీదే. విలువ 50,000 దాటితే అమ్మకం కాకపోయినా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి, అది కూడా కొత్త సిస్టమ్ నుంచే తీసేలా పెట్టుకోండి.