ఈశాన్య రుతుపవనాలకు ముందు గుర్రపుశాలను ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: నెల్లూరు దగ్గర మాకు రెండు గుర్రాలున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలకు నిరుడు శాల నేలంతా చిత్తడై, ఒక గుర్రానికి డెక్క అడుగు మెత్తబడి దుర్వాసన వచ్చింది. ఈసారి చుట్టూ టార్పాలిన్ కట్టేస్తే సరిపోతుందా?

సమాధానం: పూర్తిగా కట్టేయకండి. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియాకు బయటికి పోయే దారి లేకపోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి కాబట్టి, జల్లు కొట్టే వైపు మాత్రమే కప్పి, చూరు కింద గాలి ఆడే సందు వదలండి.

మరో సమాధానం: నా ఉద్దేశంలో టార్పాలిన్ కంటే ముందు నీటి దారి చూడాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీసి, వాకిట్లో కంకర పరిచి, తడిసిన ఊకను ఏ రోజుకారోజు ఎత్తివేయండి. డెక్కలను రోజూ శుభ్రం చేసినా వాసన తగ్గకపోతే పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. ఎండుగడ్డి నేల మీదే ఉంది. దాన్ని కూడా మార్చాలా?

సమాధానం: తప్పకుండా బల్లలపైకి ఎక్కించండి. బూజు గడ్డి గుర్రానికి దగ్గు, కడుపునొప్పి తెస్తుంది.