హైబ్రిడ్ యుద్ధం, ఫేక్ వీడియోలు: దేశాల మధ్య పౌర సంస్థలు కలిసి చేసేది నిజంగా ఏంటి?

రాత్రిడెస్క్:
విజయవాడలో ఒక చిన్న న్యూస్ సైట్‌లో నైట్ షిఫ్ట్ సబ్ ఎడిటర్‌ని. మే 2025లో భారత్-పాక్ ఘర్షణప్పుడు ఒక క్లిప్ వచ్చింది, చీకట్లో క్షిపణి విమానాన్ని కూల్చేస్తోంది. "అందరూ వేసేశారు, మనమే లేటు" అని పైనుంచి ఒకటే టెన్షన్ పెట్టారు. తీరా చూస్తే అది ఆర్మా 3 అనే వీడియో గేమ్. ఇలాంటి గేమ్ క్లిప్పులే 2022లో ఉక్రెయిన్ యుద్ధం పేరుతో తిరిగాయి. గేమ్ తయారుచేసిన చెక్ కంపెనీ ఆ ఏడాది నవంబర్లోనే వాటి గుర్తులు చెప్పింది: బొమ్మ మసగ్గా ఉంటుంది, కెమెరా ఊగిపోతుంది, చాలాసార్లు చీకటి, శబ్దం ఉండదు, కదిలే మనుషులు కనబడరు. మాకొచ్చిన క్లిప్‌లో ఇవన్నీ ఉన్నాయి.

ఇలా ఫేక్ ప్రచారం, రహస్య విధ్వంసం కలిపి నడిపే పోరునే హైబ్రిడ్ యుద్ధం అంటున్నారు. దాన్ని ఎదుర్కోవడానికి తైవాన్, ఉక్రెయిన్, లిథువేనియా లాంటి బాల్టిక్ దేశాల పౌర సంస్థలు చేతులు కలిపాయని చదువుతుంటాను. సదస్సులు, గ్రూప్ ఫోటోలు పక్కన పెడితే, నాలాంటివాడి చేతికి అందేది ఏమైనా ఉందా?

పాతపేపర్:
ఏముంటుంది బాబూ, శాలువాలు కప్పుకుని టీ తాగుతారు. ప్రభుత్వాలే చేతులెత్తేసిన చోట వీళ్లేం చేస్తారు?

షిన్‌చూ_చిప్పులు:
పాతపేపర్ గారూ, మరీ అంత తీసిపారేయకండి. నేను తైవాన్‌లోని షిన్‌చూలో చిప్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఇక్కడ జనమంతా వాట్సాప్ లాంటి లైన్ యాప్‌లోనే ఉంటారు. మా ఓనరమ్మ అనుమానం వచ్చిన ప్రతి మెసేజ్‌నీ కోఫ్యాక్ట్స్ అనే బాట్‌కి (తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) ఫార్వర్డ్ చేస్తుంది. గవ్ జీరో అనే ప్రోగ్రామర్ల బృందంలోని వాలంటీర్లు 2016లో మొదలుపెట్టారు దాన్ని. అదే మెసేజ్ ముందే ఎవరైనా పంపి ఉంటే, వాలంటీర్లు రాసిన జవాబు వెంటనే వస్తుంది. లేదంటే డేటాబేస్‌లో చేరుతుంది, తీరికున్నవాళ్లు ఆధారం వెతికి రాస్తారు. "తప్పు", "నిజం"తో పాటు "సొంత అభిప్రాయం" అని కూడా ముద్ర వేస్తారు. నాకు బాగా నచ్చింది అదే. మన ఫ్యామిలీ గ్రూపుల్లో సగం గొడవలు ఆ మూడో రకానివే కదా!

రాత్రిడెస్క్ గారి ప్రశ్నకి వస్తే, దాని కోడ్, డేటా రెండూ ఎవరైనా వాడుకోవచ్చు. థాయ్‌లాండ్ వాళ్లు దాన్ని చూసే తమ కోఫ్యాక్ట్ పెట్టుకున్నారు.

ఇంకొకటి. 2024 జనవరి 13న ఇక్కడ అధ్యక్ష ఎన్నిక. పోలింగ్ కేంద్రంలోనే ఓట్లు చేత్తో లెక్కిస్తారు. ఒక్కో బ్యాలెట్ పైకెత్తి చూపి, గట్టిగా చదివి, గోడ మీది కాగితంపై గీత గీస్తారు. ఐదు గీతలైతే ఒక చైనీస్ అక్షరం పూర్తవుతుంది. ఎవరైనా నిలబడి చూడొచ్చు. అయినా "లెక్కలో మోసం" అంటూ కత్తిరించిన వీడియోలు తిరిగాయి. ఓనరమ్మ ఒకటి నాకు చూపించి, "నేను అక్కడే ఉన్నానుగా" అని నవ్వేసింది. నన్నడిగితే బాట్ కంటే ఆ లెక్కింపు పద్ధతే గట్టి మందు. కోడ్‌లా దాన్ని ఇంకో దేశానికి పంపలేం, అంతే.

విల్నియస్_వరంగల్:
అన్నా, నేను లిథువేనియాలో మాస్టర్స్ చేస్తున్నా. రష్యా ట్రోల్స్‌కి (ఆన్‌లైన్‌లో పనిగట్టుకుని అబద్ధాలు పోసేవాళ్లకి) ఎదురు నిలబడే "ఎల్ఫ్‌లు" అనే వాలంటీర్లు 2014 నుంచి ఇక్కడ ఉన్నారు. చాలామంది పేర్లు బయటపెట్టరు. తర్వాత చెక్, స్లొవేకియాల్లోనూ మొదలయ్యారు. నవంబర్ 2024లో ఇక్కడి నుంచి స్వీడన్‌కి వెళ్లే సముద్రపు ఇంటర్నెట్ కేబుల్ తెగింది. కేబుల్ సంగతి నేవీ చూసుకుంటుంది, దాని మీద పుట్టే పుకార్లు మాత్రం మన ఫోన్లలోకే వస్తాయి.

నీకు పనికొచ్చేది యుక్రెయిన్‌ఫ్యాక్ట్స్. 2022లో స్పెయిన్‌లోని మాల్దితా సంస్థ మొదలుపెడితే, ఐఎఫ్‌సీఎన్ (ఫ్యాక్ట్‌చెక్ సంస్థల అంతర్జాతీయ నెట్‌వర్క్) గుర్తింపు ఉన్న సంస్థలు తాము తేల్చినవన్నీ ఒకే చోట పోశాయి. ఒక దేశంలో తేలిన వీడియోని ఇంకో దేశంలో మళ్లీ మొదటి నుంచి వెతకక్కర్లేదు. హైదరాబాద్ ఫ్యాక్ట్‌చెక్ సంస్థ ఫ్యాక్ట్‌లీకీ ఆ గుర్తింపు ఉంది, తెలుగులోనూ రాస్తారు.

పాతపేపర్:
సరే, కొంత ఒప్పుకున్నా. కానీ తప్పుడు ప్రచారాన్ని పరిశోధించే బ్రస్సెల్స్ సంస్థ ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ 2022లో రష్యా అనుకూల నకిలీ "డెర్ ష్పీగెల్", "గార్డియన్" పత్రికల సైట్లను బయటపెడితే అందరం శభాష్ అన్నాం. అదే సంస్థ 2020 డిసెంబర్లో భారత్‌కి అనుకూలంగా 15 ఏళ్లు నడిచిన నెట్‌వర్క్ గురించి రాసింది. 750కి పైగా నకిలీ మీడియా పేర్లు! 2006లో చనిపోయిన ప్రొఫెసర్ ఆ తర్వాత సమావేశాలకి వచ్చినట్టు కూడా చూపించారట. మన విదేశాంగ శాఖ సంబంధం లేదంది. మరి తెలుగులో దాని గురించి మనమెంత మాట్లాడుకున్నాం? మనవైపు వేలు చూపినప్పుడు కూడా వినగలిగితేనే ఈ సహకారం మాట.

షిన్‌చూ_చిప్పులు:
అది నిజం. డబ్బు గొడవ ఇంకోటి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే ఉక్రెయిన్ మీడియా సంస్థలు చాలా గిలగిల్లాడాయి. అదే నెలలో మెటా అమెరికాలో ఫ్యాక్ట్‌చెక్ కార్యక్రమం ఎత్తేస్తామంది. కోడ్ ఉచితమే, దాని మీద కూర్చునే మనుషులకి అద్దెలుంటాయిగా.

రాత్రిడెస్క్:
థాంక్స్ అందరికీ. డేటాబేస్ లింకులు మా షిఫ్ట్ గ్రూప్‌లో పిన్ చేశాను. కోఫ్యాక్ట్స్ లాంటిది తెలుగులో వాట్సాప్ కోసం పెట్టాలంటే కోడ్ చూసేవాళ్లు ఇక్కడే దొరికేలా ఉన్నారు. రాత్రి పదింటికి కూర్చుని ఆధారం వెతికి, నాలుగు లైన్లు మర్యాదగా రాసేవాళ్లు కావాలి. ఎవరైనా ఉన్నారా?